నలభై ఒకటో బొమ్మ

వరద తీశాక మ్యూజియం కింది అంతస్తులో బురదే మిగిలింది. గరిటెలు, దువ్వెనలు, పీటలు, చిలుకకొయ్యలు... వందేళ్ళ నాటి చెక్క సామాన్లు నలభై కొట్టుకుపోయాయి.

వాటిని చూసి మ్యూజియం చిత్రకారిణి గీసిన బొమ్మలు మాత్రం మేడ మీది బీరువాలో పొడిగా ఉన్నాయి.

పదకొండేళ్ళుగా ఆమె పని అదే. ఒక్కో వస్తువునీ ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి గీయాలి. సొట్ట, పగులు, అరుగుదల, ఏదీ వదలదు. "ఆవిడ గరిటెలతో కాపురం చేస్తోంది" అని ఆఫీసులో నవ్వుకునేవారు. ఒక్కతే తినేది. సాయంత్రం తాళాలాయన వచ్చి దగ్గితే గానీ లేచేది కాదు.

ఇప్పుడు అందరికీ ఆవిడే దిక్కయింది. బొమ్మలు చూసి అచ్చం అలాంటివే చేయించమన్నాడు అధికారి. ఆమె కాగితాల కట్ట తీసుకెళ్ళి ముసలి వడ్రంగి ముందు పెట్టింది.

అన్నీ చేసి, చివరి కాగితం దగ్గర ఆగాడాయన. చక్రాల మీద చెక్క గుర్రం.

"చెవి మీద ఈ నొక్కులేంటమ్మా?"

"పంటిగాట్లు బాబాయ్. నాలుగు పాలపళ్ళు."

"అవీ చెక్కాలా?"

"చెక్కాలి. ఎడమ చక్రం కాస్త వంకర. లాగితే టకటకమనాలి."

"చప్పుడు కూడా గీశావా తల్లీ!" నవ్వాడు వడ్రంగి.

ఆమె నవ్వలేదు. మూడుసార్లు వెనక్కి ఇచ్చేసింది. నాలుగోసారి గుర్రాన్ని బల్ల మీద అటూ ఇటూ లాగింది. కళ్ళు మూసుకుని వింది. "ఇదే" అంది.

గుమాస్తా తడిసి ఉబ్బిన రిజిస్టరు పట్టుకొచ్చాడు.

"అక్కా, ఇందులో నలభయ్యే ఉన్నాయి. ఈ గుర్రం ఎక్కడిది?"

"పేజీ ఊడిపోయుంటుంది."

లెక్క తప్పే మనిషి కాదు కదా అని అతను నలభై ఒకటి వేశాడు.

"ఎవరింటిదని రాయను?"

"తెలియదని రాయి."

మ్యూజియం మళ్ళీ తెరిచారు. రోజూ భోజనాల వేళ ఆమె గుర్రాన్ని ఉంచిన గాజు పెట్టె ముందు స్టూలు వేసుకుని కూర్చుంటోంది. అసలు వస్తువులు వరదపాలయ్యాయని బెంగ, పాపం అనుకున్నారంతా.

అసలు గుర్రాన్ని ఆమె పన్నెండేళ్ళ కిందట, అప్పుడే ఏడాది నిండిన తన కూతురి పక్కన పడుకోబెట్టి, తన చేతులతోనే మట్టి కప్పింది.