ఉన్నట్టా, లేనట్టా

“అక్కడ ప్రాణి ఉందో లేదో తెలియనప్పుడు వెతకడం దండగ కాదామ్మా?” అన్నాడు జడ్జిగా వచ్చిన వేణుమాధవ్ సారు.

గోదావరిఖనిలో పిల్లల సైన్సు పోటీ. చార్టు ముందు పదో తరగతి సారిక నిలబడి ఉంది. పదకొండు కాంతి సంవత్సరాల అవతల, రాస్ 128 అనే ఎర్రటి బుల్లి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం గురించి అప్పటిదాకా గడగడా చెప్పింది. మరీ వేడి కాదు, మరీ చలి కాదు, నీళ్ళుంటే ప్రాణమూ ఉండొచ్చని. వెనక బెంచీలో కూర్చున్న తండ్రి తోమాసుకు అర్థమైంది ఒక్కటే: మన బొగ్గుబాయిల మాదిరే దానికీ పేరు కింద ఒక నంబరు తగిలించారు, పాపం. మొదటి షిఫ్టు ముగించి, ఒంటి మీది బొగ్గు కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చాడాయన.

“మా నాన్న బాయిల పని చేస్తడు సార్,” అంది సారిక. “దిగేటప్పుడు మనిషికో నంబరు బిళ్ళ ఇస్తరు. పైకొచ్చినంక దాన్ని బోర్డుకు తగిలియ్యాలె. ఒక్క బిళ్ళ తక్కువైనా, లోపల మనిషున్నడా లేడా అని అడగరు. ముందు దిగి వెతుకుతరు.”

హాలంతా చప్పట్లు. తోమాసు కూడా కొట్టబోయి, ఎందుకో జేబు తడుముకున్నాడు. బిళ్ళ జేబులోనే ఉంది.

గని దాకా బండి ఎలా నడిపాడో ఆయనకే తెలియదు. పైకప్పు సరిగా లేని పాత దారుల్లోకి తన కోసం మనుషులు దిగుతారు. వాళ్ళలో ఒక్కరికేమైనా ఆ పాపం తనదే. ఉద్యోగం పోతే పోనీ, వాళ్ళను మాత్రం క్షేమంగా పైకి పంపమని దారి పొడుగునా ప్రభువును బతిమాలుకున్నాడు.

గని దగ్గర షిఫ్టు చూసుకునే ఓవర్‌మన్ రఘుపతి ఆయన్ను చూసి కొయ్యబారిపోయాడు. ఆయన్ను వెతకడానికి ఆరుగురు దిగి గంట దాటిందట. తోమాసు బిళ్ళ చేతికిచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు.

కాసేపటికి ఆరుగురూ పైకొచ్చారు. స్ట్రెచర్ మీద ఇంకో మనిషి ఉన్నాడు. తోమాసు జట్టులోని ఎల్లన్న. కాలు నుజ్జయింది గానీ ప్రాణానికి భయం లేదు. పైకొచ్చి బిళ్ళ తగిలించాక, టిఫిన్ డబ్బా మరిచిపోయానని ఎవరికీ చెప్పకుండా మళ్ళీ దిగాడట. లోపల బొగ్గు పెళ్ళ విరిగి కాలి మీద పడింది. బోర్డు ప్రకారం మాత్రం అతను క్షేమంగా ఇంటికెళ్ళిపోయాడు.

తోమాసు అతని పక్కన కూలబడ్డాడు. ప్రభువుకు, తన మతిమరుపుకు, తనను అంత తొందరపెట్టిన ఎక్కడో ఉన్న ఆ గ్రహానికి కూడా మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఎల్లన్న ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

“నా బిళ్ళ పైనే ఉండె, నా కోసం ఎవలొస్తరన్నా,” అన్నాడు. “చీకట్ల ‘తోమాసన్నా, తోమాసన్నా’ అని ఒకటే పిలుపు. ‘ఓ’ అని నేనే పలికిన.”