పలకరాళ్ల కింద

సుమ పలకరాయి ఎత్తి చూసింది. కింద ఏమీ లేదు. పక్కది ఎత్తింది. అక్కడా అంతే.

“ఒక్కటి గూడ లేదా అమ్మా?” అన్నాడు తండ్రి నిత్యానందం, టీ ఫ్లాస్కు పట్టుకుని దూరంగా నిలబడి.

“లేదు నాయనా. మొన్నటిదాకా ఏ రాయెత్తినా తేలు. ఇప్పుడు యాడికి పోయినాయో ఏందో.”

మార్కాపురం పలకల గని పక్కన పారేసిన రాళ్ల దిబ్బ అది. తేళ్లు ఏం తింటాయి, ఎక్కడ దాక్కుంటాయి, పిల్లల్ని వీపు మీద మోస్తూ ఎంత దూరం తిరుగుతాయి, ఇదీ సుమ పరిశోధన. తేలు పేరెత్తితేనే ఆమడ దూరం పరిగెత్తే నిత్యానందం మొదట్లో లబోదిబోమన్నాడు. కుడితే ఏం గతి అని ఒక పూట అన్నం కూడా మానేశాడు. తరవాత ఏమనుకున్నాడో, మళ్లీ నోరెత్తలేదు. చీకటితోనే గనిలో పనికి పోయి, టీ వేళకు కూతురి దగ్గరికి వస్తున్నాడు.

రాళ్లు కాస్త జరిగినట్టున్నాయి. ముంగిసలు తినేశాయా? ఎవరైనా మందు కొట్టారా? సుమకు ఎటూ పాలుపోలేదు.

ఫోన్ మోగింది. గైడు రాధాకుమారి.

“సోమవారం కూడా కనపడకపోతే టాపిక్ మార్చేద్దాం సుమా. ఇంక లాగలేం.”

సుమ దిబ్బ మీదే కూలబడి ఏడ్చేసింది. “రెండేళ్ల కష్టం గంగలో కలిసింది నాయనా.”

“తేళ్లు లేకుంటే నీకు చదువు లేదా?”

“లేదు.”

“ఆ సంగతి నాకు తెలీదే తల్లీ.” నిత్యానందం బిక్కమొహం వేశాడు.

సోమవారం పొద్దున సుమ ఆశ లేకుండానే రాయెత్తింది. తేలు. పక్కదాని కింద రెండు. ఇంకోదాని కింద వీపు నిండా పిల్లలతో తల్లి తేలు కొండి లేపింది. నవ్వాలో ఏడవాలో తెలియక సుమ ఫోన్ తీసింది.

“తిరిగొచ్చినాయి మేడం. ఎందుకు పోయినాయో, ఎట్ల వచ్చినాయో ఒక్క ముక్క అర్థం కావట్లేదు.”

“అసలు రీసెర్చి ఇప్పుడు మొదలైంది,” అంది మేడం సంబరంగా. “అదే కనుక్కో.”

తండ్రికి చెబుదామని సుమ ఎదురుచూసింది. టీ వేళ దాటినా ఆయన రాలేదు.

ఆ సమయానికి ఆయన ఆర్‌ఎంపీ వీరాంజనేయులు ముందు పళ్లు బిగబట్టి కూర్చున్నాడు.

“ఇదేంది మామా, రెండు చేతులూ ఇట్ల వాచినాయి?”

“ఏరి పారేసేటప్పుడు ఊరకున్నాయి అల్లుడా, తిరిగి తెచ్చి పెట్టేటప్పుడే కుట్టినాయి.”