అచ్చొచ్చిన గేరు గుండు

"రివర్స్ అన్న గద! మల్లా ముందటికే పోనిస్తివి ఏందే?"

కారు పక్కన నిలబడ్డ మొగుడు బీచుపల్లి కేక పూర్తయ్యేలోపే కారు మూతి ఇంటి గోడకు గుద్దుకుని ఆగిపోయింది.

సువర్ణ బ్రేకు మీంచి కాలు తీయలేదు. సోమవారం మొదలు గద్వాల నుంచి గట్టు ఊళ్లోని బడికి తనే కారు నడుపుకుంటూ పోవాలి. వెనక్కి తీయడం వస్తేనే తాళంచెవి ఇస్తానన్నాడు మొగుడు. వారంగా అక్కడే తిట్లు తింటోంది.

"రివర్సే ఏసిన," అంది.

"ఏసినవ్ తీ! పిల్లలకు పాఠాలు చెప్తవ్, గేరు గుండు మీద గీసింది చదవనీకె రాదా?"

"అది చదివే ఏసిన. ఎడమదిక్కు పైన, ఒకటో గేరు పక్కనే ఉన్నది రివర్స్. సూడు."

"గాడెందుకుంటది? కుడిదిక్కు, ఐదో గేరు కింద ఉంటది. నా చెయ్యికి తెల్వదా?" అంటూనే కిటికీలోంచి వంగి చూశాడు. R అక్షరం ఒకటో గేరు పక్కనే ఉంది.

అది పాత కారు గుండు. ఆ కారు తనకు అచ్చొచ్చిందని, అమ్మేటప్పుడు గుండు విప్పి తెచ్చి దీనికి బిగించాడు. దాని మీది గీతలు ఈ కారు గేర్లకు సరిపోతాయో లేదో ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

సువర్ణ గేరు రాడ్డు మీది గుండు తిప్పి తిప్పి ఊడదీసింది.

"ఏయ్, అచ్చొచ్చిందే అది!"

"నీకొచ్చింది. నువ్వే పెట్టుకో. జర పక్కకు జరుగు."

బోసి రాడ్డును కుడికి లాగి కిందికి దించింది. కారు మెల్లగా వెనక్కి నడిచి వీధిలోకి వచ్చింది. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, కొంగున ముడేసుకుంది.