జర్మనీ యాత్రికురాలు

తిరుచానూరులో కూర్చొని, జర్మనీ నుంచి రాసినట్టు, తన లాడ్జీని తానే పొగుడుకోవాలని ధనశేఖర్ నిర్ణయించుకున్నాడు.

కారణం లేకపోలేదు. చెన్నై నుంచి యాత్రికుల బస్సులు నడిపే అమర్‌నాథ్, ఏడాది పొడుగునా తన వాళ్లను దించడానికి ఒక లాడ్జీ వెతుకుతున్నాడు. అయితే ధనశేఖర్‌ది, లేకుంటే ఎదురుగా ఉన్న వరదయ్యది. ఇంటర్నెట్‌లో జనం రాసిన అభిప్రాయాలు చదివి తేలుస్తానన్నాడు. ఆ బస్సులు ఎదురు వాకిటికి పోతే ధనశేఖర్ తన లాడ్జీకి తాళం వేసుకోవాల్సిందే.

మొదట లాడ్జీ వైఫై నుంచే కొన్ని పొగడ్తలు రాశాడు. అవన్నీ లాడ్జీలోంచే వస్తున్నాయని సైటు వాళ్లు పసిగట్టి తీసేశారు. అప్పుడు కంప్యూటర్ల షాపు ఏబెల్‌ను పిలిపించాడు.

“జర్మనీలో చిన్న సర్వర్ అద్దెకు తీసుకుందామన్నా,” అన్నాడు ఏబెల్. “దాంట్లో ప్రాక్సీ అని ఒకటి పెడతా. నువ్వు ఈడ రాసేది ముందు ఆడికి పోయి, ఆడ్నించి సైటుకు పోతాది. వాళ్లకు జర్మనీ ఒకటే కనబడతాది.”

“అంటే మన మాట ఇంకొకరి నోటితో చెప్పించేది.”

“అంతే గదా.”

ఏబెల్ నల్లటి తెర మీద ఏవేవో కొట్టాడు. అది ఏదో తప్పు చూపించింది. మళ్లీ కొట్టాడు. పనయ్యాక సర్వర్ అడ్రసు చీటీ మీద రాసి కౌంటర్‌కు అంటించాడు.

“అడ్రసు ఎవురు చూసినా పర్వాలేదు. పాస్‌వర్డే గుట్టు. ఎవురికీ చెప్పొద్దు. నాక్కూడా.”

ధనశేఖర్ గోడ మీది స్వామి పటానికి దండం పెట్టుకుని ‘శ్రీనివాస’ అని కొట్టాడు.

పూజగదిలోంచి హారతి పళ్లెంతో వచ్చిన భార్య జయంతి కాసేపు నిలబడి చూసింది.

“ఏమండీ, అబద్ధం చెప్పి సంపాదించిన దుడ్డుతో నైవేద్యం పెడితే, అమ్మవారు ముట్టుకుంటాదా?”

“అమ్మవారికి నీ పొంగలి తినే తీరికే లేదు. సర్వర్లు చూసే తీరిక యాడిది?” అని నవ్వాడు ధనశేఖర్.

జయంతి హారతి ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

ఇక జర్మనీ నుంచి పొగడ్తలు మొదలయ్యాయి. ‘గుండు చేయించుకుని వచ్చేసరికి వేడినీళ్లు సిద్ధం. ఇంత మంచి పొంగలి మా బెర్లిన్‌లో కూడా తినలేదు’ అని హాన్స్ రాశాడు. ‘లిఫ్టు ఎక్కితే విమానం ఎక్కినట్టుంది’ అని పీటర్ రాశాడు. ఆ లాడ్జీలో లిఫ్టే లేదు.

ఒక ఉదయం వాటి కింద, ధనశేఖర్ రాయనిది ఒకటి కనిపించింది. పేరు చోట ‘ఒక యాత్రికురాలు’ అని ఉంది. దేశం, జర్మనీ.

‘లిఫ్టు లేదు. పొద్దున ఏడు దాటితే వేడినీళ్లు రావు. మెట్లు ఎక్కలేని వాళ్లు అడిగితే మాత్రం కింద గది ఇస్తారు.’

ధనశేఖర్ వెంటనే ఏబెల్‌కు ఫోన్ చేశాడు. ఏబెల్ వచ్చి సర్వర్ అంతా వెతికి చూశాడు.

“ఇది మన సర్వర్‌లో నుంచే పోయిందన్నా. పగలగొట్టి రాలా. పాస్‌వర్డ్ కొట్టి దర్జాగా వచ్చినారు. సెల్లు నెట్టు వాడినారు, అది ఎవురిదో చెప్పలేం.”

పాస్‌వర్డ్ ‘వెంకటేశ’ అయింది. యాత్రికురాలు మళ్లీ వచ్చింది. ‘వెనక కల్యాణమండపం. ముహూర్తాల రోజుల్లో మేళాలకు నిద్ర పట్టదు. దుప్పట్లు మాత్రం ఉతికినవే.’

పాస్‌వర్డ్ ‘భక్తవత్సల’ అయింది. అయినా వచ్చింది. ‘గదులు ఇరుకు. మనుషులు మంచివాళ్లు.’

“ఇంతకీ ఏం పెడతా ఉండావన్నా?” అని అడిగాడు ఏబెల్.

ధనశేఖర్ చెప్పక తప్పలేదు. ఏబెల్ పడీపడీ నవ్వాడు.

“తిరుపతి పక్కన కూచోని స్వామి పేరుతో తాళం వేసినావా? ఊరందరికీ తాళంచెవి పంచినట్టే. అయినా ఆయనకు శానా పేర్లుంటాయంటారే, సరిగ్గా నువ్వు మార్చిన పేరే వాళ్లకెట్ట తెలుస్తాది?”

అప్పుడు తట్టింది ధనశేఖర్‌కు. అవి గోవింద నామాల వరస. తెలియకుండానే ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటూ పోయాడు. శనివారం భజనలో ఆ నామాలు ముందుండి చెప్పేది వరదయ్యే. రోజూ పేపరు చదవడానికి వచ్చి, సరిగ్గా ఆ చీటీ పక్కనే నిలబడేదీ వరదయ్యే.

“సూడప్పా, ఆ ముసలాయన గడుసుతనం,” అన్నాడు పళ్లు నూరుతూ. “బస్సులు పోనీ, ఆయన సంగతి చెప్తా.”

శుక్రవారం సాయంత్రం అమర్‌నాథ్ వచ్చాడు. ఎదురు వరండాలో వరదయ్య చిరునవ్వుతో కూర్చుని ఉన్నాడు.

“మా బస్సుల్లో వచ్చేదంతా పెద్దవాళ్లు సార్,” అన్నాడు అమర్‌నాథ్. “మీ జర్మనీ గుండ్ల గురించి చదివి మా ఆఫీసంతా నవ్వినాం. లేని లిఫ్టు కూడా ఎక్కినారే. కానీ ఆ యాత్రికురాలు రాసింది చదివి, మా డ్రైవర్‌ను ఒక రాత్రి ఈడ దించినా. అక్షరం పొల్లు పోకుండా అంతా నిజమే అన్నాడు. ఏం తక్కువో ముందే తెలిస్తే మావాళ్లకు చెప్పి తెచ్చుకుంటాం. ఈ ఏడు మీ లాడ్జీయే. ఆ గుండ్లు మాత్రం తీసెయ్యండి.”

అమర్‌నాథ్ వెళ్లగానే ధనశేఖర్ తాను రాసిన జర్మనీ గుండ్లన్నిటినీ తుడిచేశాడు. తర్వాత వంటింట్లోకి వెళ్లి, అమ్మవారికి నివేదన చేసిన పొంగలి గిన్నె నిండా పెట్టుకుని వీధి గడప దాకా వచ్చాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“చెరపబోయి మేలు చేసినాడే వరదయ్య. చేతులారా ఇచ్చి దండం పెట్టొస్తా.”

శుక్రవారం ఒక్కపొద్దు ఉన్న జయంతి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడపకు అడ్డంగా నిలబడింది.

“ఆ గిన్నె ఈడ పెట్టండి. జర్మనీ ఆమె పొద్దుట్నించీ ఏమీ తినలేదు.”