పిల్లి తీర్పు

ఇంటి తాళంచెవి ఎవరు పోగొట్టారన్న గొడవతో దర్జీకీ భార్యకూ మూడు రోజులుగా మాటల్లేవు. చివరికి ఆమే అంది: "మధ్యాహ్నం పిల్లి ఎవరి పక్కన పడుకుంటే వాళ్లదే న్యాయం. రెండోవాళ్లు తప్పు ఒప్పుకోవాలి."

"సరే" అన్నాడు. చెరో మంచం ఎక్కారు.

పిల్లి తిన్నగా దర్జీ దగ్గరికి వెళ్లింది. అతని జేబులోంచి వేయించిన చేపముక్క లాక్కుని తినేసి, మూతి నాక్కుంటూ ఆమె మంచం మీదికి దూకింది. ముడుచుకుని గుర్రుపెట్టింది.

"లంచమిచ్చి కూడా ఓడిపోయారు!" అంది ఆమె.

దర్జీ సిగ్గుతో చచ్చిపోయాడు. "పోగొట్టింది నేనేలే. నీ మనసు మంచిదని దానికీ తెలుసు. ఉండు, టీ పెట్టుకొస్తా."

పిల్లులు వెచ్చని చోటే నిద్రపోతాయని పశువుల ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఆమెకు బాగా తెలుసు. అతను వంటింట్లోకి వెళ్లగానే, దుప్పటి కింది వేడినీళ్ల బ్యాగును కాలితో ఇంకాస్త లోపలికి తోసింది.