మిరియం మాటలు

“ఆ రెండో కంపెనీ ట్యాబ్ మాకొద్దమ్మా. మా ఆడమనిషి గొంతు ఇందులోనే ఉంది,” అన్నాడు యేసుదానం, కొన ఊపిరితో ఉన్న పాత ట్యాబ్‌ని గుండెకి అదుముకుని.

మద్దిలపాలెం షాపులో ట్యాబ్‌లు అమ్మే నీలిమ ఓపిగ్గా చెప్పింది. “పాత కంపెనీదే కొంటే మీ రికార్డులన్నీ అందులోకి వచ్చేత్తాయి బాబాయ్. టైపు చేస్తే తెలుగులో సదివే యాప్ మాత్రం ఈ రెండోదాంట్లోనే ఉంది. ఇందులో మీ రికార్డులు పలకవు. ఎవరిదో గొంతు వత్తాది.”

“ఎవరిదో గొంతు నానేటి సేసుకోను?”

భార్య మిరియంకి మాట పోయేలా చేసిన గొంతు ఆపరేషన్‌కి ముందు, పోర్టులో క్రేన్ డ్యూటీకి వారం సెలవు పెట్టి మరీ ఆమె మాటలు రికార్డు చేశాడతను. ఇప్పుడు అవీ పోతే ఆమె లేనట్టే. పాత ట్యాబ్ తెర మీద ఒక్కో మాటకీ ఉన్న బటన్లని వరసగా నొక్కాడు.

“అన్నం పెట్టనా మావా?”

“డూటీకి టైమైంది.”

“టీ సల్లారిపోతంది.”

“ఇన్నావా, అచ్చం మిరియమే,” అన్నాడు నీలిమతో.

పక్కనే స్టూలు మీద కూర్చున్న మిరియం రెండో ట్యాబ్ అందుకుని టైపు చేసింది. ఎవరో పరాయి ఆడమనిషి గొంతు నిదానంగా చదివింది.

“అవన్నీ నువ్వు సెప్పమన్న మాటలు మావా. నాకు బయమేత్తంది. అది సెప్పడానికి అందులో బటన్ లేదు.”

యేసుదానం పాత ట్యాబ్‌ని మెల్లగా బల్ల మీద పెట్టి, ఆమె పక్కన కూలబడ్డాడు.

“ఇంకా సెప్పు,” అన్నాడు.