నూట పన్నెండో పేజీ

“మధ్యలో రెండొందల పేజీలు చదవలేదట! ఎవరూ? నేను!”

ఒరెస్ట్ హ్నట్యుక్ వారపత్రికను బల్లకేసి కొట్టాడు. కప్పులో కాఫీ తొణికి బల్ల మీద పడింది. పొయ్యి దగ్గర ఉల్లిపాయలతో, బంగాళాదుంప ముద్ద కూరిన పెరోగీలు వేయిస్తున్న అతని భార్య డారియా వెనక్కి తిరిగైనా చూడలేదు.

“మళ్లీ అతనేనా?”

“ఇంకెవడు? ఆ ‘ఒళ్లుమండిన పాఠకుడే’! వరసగా ఇది పదకొండో ఉత్తరం. ‘హ్నట్యుక్ గారు మొదటి అధ్యాయమూ చివరి అధ్యాయమూ చదివి, నడుమ కునుకు తీస్తారని నా అనుమానం’ అని రాశాడు. ఎంత పొగరు!”

ముప్పై మూడేళ్లు ఆ ఊరి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి ఒరెస్ట్. మొదటి చలికాలమంతా గడ్డమైనా గీసుకోకుండా కిటికీ ముందు కూర్చున్నాడు. పలకరిస్తే ‘ఊఁ’ అనేవాడు, అంతే. ఆ తర్వాత ఊరి పత్రికలో ‘చదివాను, చెబుతున్నాను’ అనే శీర్షిక దొరికింది. జనం ఎగబడి చదివే నవలల్ని ఏ మొహమాటమూ లేకుండా చీల్చి చెండాడటమే అందులో పని. దాంతో మళ్లీ మనిషయ్యాడు. బుధవారం వచ్చిందంటే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రాసింది తనే పత్రికాఫీసులో ఇచ్చి వచ్చేవాడు.

అలాంటిది, జూన్‌లో ఎడిటర్ గ్లెండా ఆ శీర్షిక ఎత్తేస్తానంది. ఆమె ఒకప్పుడు అతని దగ్గర చదువుకున్నదే. “మీ రాతల మీద ఒక్క ఉత్తరమూ రావడం లేదు మాస్టారూ. ఎవరూ చదవడం లేదేమోనని మా యజమాని అనుమానం” అని నసిగింది. ఆ రోజు ఒరెస్ట్ అన్నం ముట్టలేదు. ఇంతలో ఈ ఒళ్లుమండినవాడు ఎక్కణ్నుంచో ఊడిపడ్డాడు.

“అసలింతకీ అతని కడుపుమంట దేనికట?” అంది డారియా.

“గోధుమ రైతు ప్రేమకథ గురించి రాశాను కదా. పట్నం పిల్ల ఊరికొస్తుందట, రైతు రోజూ సాయంత్రం ఆ పిల్లతో డాన్సులకెళతాడట. సెప్టెంబరులో! నిండు కోతల్లో! మన చుట్టుపక్కల ఏ రైతుకైనా ఈ నెలలో తల దువ్వుకునే తీరికైనా ఉంటుందా? ఈ రచయిత్రి గోధుమ కంకిని రొట్టె కవరు మీద తప్ప ఎక్కడా చూసి ఉండదు అన్నాను. తప్పా?”

“తప్పేముంది?”

“వీడేమో, ‘రైతు ఆ ఏడు పొలం కౌలుకిచ్చేశాడని నూట పన్నెండో పేజీలో ఉంది. మాస్టారు అంతదాకా మేలుకుని ఉంటే కనబడేది’ అంటాడు!”

“ఉందా మరి?”

ఒరెస్ట్ గదిలోకి వెళ్లి లైబ్రరీ పుస్తకం తెచ్చాడు. నూట పన్నెండో పేజీ తీశాడు. కౌలు సంగతి ఉంది. పేజీ అంచున ఊదారంగు జామ్ మరక కూడా ఉంది.

“ఛీ, జనానికి బొత్తిగా శుభ్రం లేదు! తింటూ చదవడమేంటి?”

“నేనడిగింది మరక గురించి కాదు.”

“ఉందిలే! అంత ముఖ్యమైన మాట అలా ఓ మూల పడేస్తే ఎవడికి కనిపిస్తుంది? అయినా నేను నిద్రపోతానని వాడికెలా తెలుసు?”

“నీ దగ్గర చదువుకున్నవాళ్లలో తెలియనిదెవరికి? పరీక్ష పెట్టి కుర్చీలోనే గురకపెట్టేవాడివట.”

“ఇది లాయిడ్ పెన్నర్ పనే. నేను పాఠాలు చెప్పినన్నాళ్లూ హెడ్మాస్టరుగా తప్పులు పట్టాడు, ఇప్పుడూ మానలేదు.”

“పోనీ ఆ రాతలు మానేయరాదూ? ఈ వయసులో ఎవరితోనో మాట పడటమెందుకు?”

“వాడికి భయపడి మానేయాలా? నీకేం తెలుస్తుందిలే, నవల ముట్టుకున్న పాపాన పోలేదు.”

“నాకు నవలలెందుకు? పొద్దున లేస్తే నీ గోల వినడానికే సరిపోతోంది.”

ఒరెస్ట్ అప్పటికప్పుడే గ్లెండాకి ఫోన్ చేశాడు. “వాడి పేరు చెప్పు.”

“చెప్పకూడదు మాస్టారూ. అసలు పేరూ అడ్రసూ ఇవ్వకపోతే ఏ ఉత్తరమూ అచ్చు వేయం. ఫోన్ చేసి రూఢి చేసుకున్నాకే వేస్తాం. కానీ మారుపేరు పెట్టమంటే, అసలు పేరు మాత్రం నా కడుపులోనే ఉంటుంది.”

“లాయిడేనా? ఊఁ అను చాలు.”

“మాస్టారూ, మీ తగువు చదవడానికే జనం పత్రిక కొంటున్నారు. మీ శీర్షిక తీయొద్దని మా యజమాని నిన్ననే చెప్పాడు. ఆ ఉత్తరాలు ఆగిపోతే మాత్రం నేనేం చేయలేను.”

ఒరెస్ట్ ఫోన్ పెట్టేశాడు. ముఖం ఎర్రగా ఉంది, కళ్లు మెరుస్తున్నాయి. వేడి పెరోగీలు పన్నెండు తిన్నాడు.

“ఈసారి కొత్తగా వచ్చిన హత్యల నవల తెచ్చాను. మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా చదువుతా. ఆ వెధవకి ఒక్క సందు కూడా ఇవ్వను, చూడు!”

పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్లి పడక్కుర్చీలో వాలాడు. డారియా గిన్నెలు కడిగేలోపే గురక వినబడింది. ఆమె వెళ్లి అతని కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, కాళ్ల మీద దుప్పటి కప్పింది. గుండెల మీద తెరిచి ఉన్న పుస్తకంలో అతను ఆగిన పేజీ చూసింది. నలభై.

పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. కాగితాలూ కలమూ దగ్గర పెట్టుకుని, నలభై ఒకటో పేజీ తిప్పింది.

ఈసారి జామ్ సీసా దూరంగా జరిపింది.